యుద్ధకాలపు ప్రేమకథలో ఆమె ఏం పని చేసింది?

ప్రేమ నవల అనగానే మన సంఘాల్లో చాలామందిమి ముఖం చిట్లిస్తాం. నాయిక ఎప్పుడూ అందగత్తె, నాయకుడు ఎప్పుడూ కారున్నవాడు, మధ్యలో ఒక అపార్థం, చివర పెళ్ళి. ఈ విమర్శలో తప్పు లేదు. యద్దనపూడి సులోచనారాణి ‘సెక్రటరీ’ నాటి నుంచి ఇవాళ సెల్‌ఫోన్‌లో రోజుకో భాగంగా వచ్చే సీరియళ్ళ దాకా ఈ మాటే అంటూ వస్తున్నాం. కానీ గోదావరిఖని కాలనీల్లో మొదటి షిఫ్టుకు భర్తను, బడికి పిల్లల్ని పంపించి ఓ గంట తీరిక చేసుకున్న స్త్రీ చేతిలో ఉండేది మన కరపత్రమా, ఆ సీరియలా? మగవాడి ఒత్తిడిని ప్రేమ అనుకోవాలా, ఆడదాని సంపాదన మీద హక్కు ఎవరిది అన్న విషయాలు పదహారేళ్ళ పిల్లకు మొదట తెలిసేది ఆ కథల్లోనే. చట్టం గురించి మనం పెట్టే క్లాసు ఆ తర్వాతెప్పుడో వస్తుంది. కాబట్టి ప్రేమ నవలను వెక్కిరించి వదిలేయకుండా అందులోకి చరిత్రను తీసుకుపోవాలని నేనంటాను. ముఖ్యంగా యుద్ధకాలపు ప్రేమకథలోకి.

ఆ కథ అచ్చు మనందరికీ తెలుసు. అతను సైన్యంలోకి పోతాడు. ఆమె ఉత్తరం కోసం గుమ్మంలో నిలబడుతుంది. యుద్ధం ముగుస్తుంది, అతను వస్తాడు లేదా రాడు. ఇన్నేళ్ళూ ఆమె ఏం తిన్నది, ఎక్కడ పనిచేసింది, కూలి ఎంత వచ్చింది అని అడిగితే కథ నోరు మూస్తుంది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో నిజాం రాజ్యంలో లెవీ పేరుతో రైతుల దగ్గర ధాన్యం గుంజుకున్నారు. గాదె ఊడ్చుకుపోయిన ఇంట్లో పొయ్యి వెలిగించాల్సింది ఎవరు? ఆ సంగతి లేకుండా 1943లో తెలంగాణ పల్లెలో ప్రేమకథ రాస్తే అది ఏ దేశానికీ చెందని కథ అవుతుంది.

మన బొగ్గు ప్రాంతాన్నే తీసుకుందాం. ఎవరైనా ‘1943, గోదావరిఖని’ అని కథ మొదలుపెడితే మొదటి వాక్యమే తప్పు. అప్పటికి ఈ బొగ్గుబాయిల పట్టణం లేదు. రామగుండం స్టేషను ఉంది, గోదావరి ఉంది. ఇక్కడ బాయిలు 1960 ప్రాంతంలో మొదలయ్యాయి. యుద్ధకాలంలో బొగ్గు తీసింది బెల్లంపల్లి, కొత్తగూడెం వైపు. కంపెనీ వాటాల్లో ఎక్కువ భాగాన్ని నిజాం ప్రభుత్వం కొన్నది కూడా యుద్ధం ముగిసిన 1945లోనే. ఇవి తెలుసుకోవడానికి పెద్ద చదువు అక్కర్లేదు, ఇంట్లో ముసలివాళ్ళను అడిగినా చాలు. అయితే ఊరూ తేదీ సరిచేసుకోవడం దగ్గరే ఆగిపోతే పరిశోధన వల్ల నాయికకు ఒరిగేదేమీ లేదు.

ఆమెకు పనికొచ్చే చరిత్ర వేరే ఉంది. బ్రిటిష్ ఇండియా గనుల్లో ఒకప్పుడు భార్యాభర్తలు కలిసి బాయిలోకి దిగేవారు. అతను బొగ్గు కొడితే ఆమె తట్టకెత్తేది. 1929 నియమాలతో స్త్రీలను భూగర్భం నుంచి తప్పించడం మొదలై 1937 కల్లా పూర్తయింది. ఆరేళ్ళు తిరక్కుండానే యుద్ధానికి బొగ్గు చాలలేదు. 1943లో ప్రభుత్వం ఆ నిషేధాన్ని తాత్కాలికంగా ఎత్తేసి బెంగాల్, బీహార్, సెంట్రల్ ప్రావిన్సుల గనుల్లో స్త్రీలను మళ్ళీ దించింది. అఖిల భారత మహిళా సభ దీన్ని గట్టిగా వ్యతిరేకించింది. అప్పుడు కార్మిక శాఖ చూస్తున్నది డాక్టర్ అంబేడ్కర్. 1944 ఫిబ్రవరిలో కేంద్ర శాసనసభలో సమాధానం చెబుతూ, ఆడా మగా తేడా లేకుండా సమాన పనికి సమాన వేతనం అన్న సూత్రం ఒక పరిశ్రమలో స్థిరపడడం ఇదే మొదటిసారని ఆయన గుర్తుచేశారు. యుద్ధం అయిపోయింది. 1946 ఫిబ్రవరి 1 నుంచి నిషేధం తిరిగి వచ్చింది.

ఇప్పుడీ మూడేళ్ళలో ఒక ప్రేమకథ ఊహించండి. ఇతర నవలల్లో శాంతి వచ్చిన రోజు కలయిక రోజు. మన నాయికకు అది పని ఊడిన రోజు. మగవాడితో సమానంగా కూలి అందుకున్న మనిషి మళ్ళీ పైకొచ్చి, దొరికితే తక్కువ కూలికి తట్ట మోయాలి, లేకపోతే అతని జీతం కోసం చెయ్యి చాచాలి. యుద్ధం నుంచి తిరిగొచ్చిన ప్రియుడు ‘ఇక నువ్వు కష్టపడక్కర్లేదు’ అంటాడు. అతను ప్రేమతోనే అంటాడు. ఆమెకు ఆ మాట ఎలా వినబడుతుంది? మరోవైపు, కడుపుతో ఉండి గాలాడని బాయిలో పనిచేసిన స్త్రీకి ఆ నిషేధం ఊపిరి కూడా అయివుండవచ్చు. మహిళా సభ భయం ఉత్త భయం కాదు. రెండూ నిజాలే. ఏది ఎక్కువ నిజమో తేల్చేపని నవలకు లేదు, ఆ స్త్రీ చేత మాట్లాడిస్తే చాలు.

ఇక్కడొక జాగ్రత్త. ఆ ఉత్తర్వు బ్రిటిష్ ఇండియాది. బెల్లంపల్లి నిజాం రాజ్యంలోది. అదే కాజీపేట లైనులో ఉత్తరానికి పోయి వార్ధా నది దాటితే బల్లార్షా, అది సెంట్రల్ ప్రావిన్సుల్లోని చాందా జిల్లా. ఒకే రైలు దారి, ఒకే నల్లబొగ్గు, ఇద్దరు ప్రభువులు, రెండు చట్టాలు. సరిహద్దు దాటితే హక్కు మారిపోయే ఈ పరిస్థితి కథకు ఎంత బలమిస్తుందో రాయడం తెలిసినవాళ్ళకు వేరే చెప్పాలా? కానీ చాందా ఉత్తర్వును తెచ్చి బెల్లంపల్లికి తగిలిస్తే అది అబద్ధమే. నిజాం రాజ్యం కథకు నిజాం రాజ్యం కాగితాలే చూడాలి.

కాగితాలు చూసేటప్పుడు ఇంకో సంగతి. సింగరేణిలో మారుపేర్ల సమస్య మనకు కొత్తది కాదు. ఒకరి పేరు మీద ఇంకొకరు కొలువు చేశారు. మస్టర్‌లో ఉన్న పేరు ఒకటి, ఇంట్లో పిలిచే పేరు ఇంకొకటి. భర్త చనిపోయాక ఆ పేరుగల మనిషి భార్యను నేనేనని రుజువు చేసుకోవలసిన స్త్రీ పరిస్థితి ఏమిటో సంఘాల్లో పనిచేసేవారికి విడమర్చి చెప్పనక్కర్లేదు. రిజిస్టరు ఒక మగవాడి ఉనికినే తప్పుగా రాసిన చోట, అతని భార్య గురించి ఏం చెప్పగలదు? అందుకే మనిషి నోటిమాట కావాలి.

ఆ నోటిమాట విలువ మనకు చూపించిన పుస్తకం 1986లో స్త్రీశక్తి సంఘటన తెచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీలు తమ జీవితాలను తామే చెప్పుకున్నారు. పోరాట సాహిత్యంలో తుపాకి పట్టిన వీరవనితను మనం అంతకుముందే చూశాం. ఈ పుస్తకంలో కనబడేది వేరు. దళంలో ఎవరైనా ఇష్టపడితే పెళ్ళి గురించి పార్టీ ఏమన్నది, అడవిలో తిరుగుతూ కన్నబిడ్డను ఇతరులకు అప్పగించాల్సి వచ్చిన కమలమ్మ ఏ దుఃఖం మోసింది, 1951లో పోరాటం విరమించాక ఇళ్ళకు వెళ్ళిపొమ్మన్నప్పుడు ఎవరింటికి పోవాలో తెలియక ఎలా నిలబడిపోయారు. గనుల్లో 1946, అడవుల్లో 1951. రెండుచోట్లా ఆడవాళ్ళకు దొరికిన ఆజ్ఞ ఒక్కటే. ఏ ప్రేమ నవలలోనూ లేనంత ప్రేమ ఆ పుస్తకంలో ఉంది, కాకపోతే దానికి లెక్క కూడా ఉంది.

నవల ఈ పని చేయలేదని కాదు. దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్ళు’లో దొర కూతురు మంజరికీ పాటగాడు పాణికీ నడిచిన ప్రేమ ఉంది. దాని పక్కనే ఆడబాప వనజ ఉంది. దొరసాని బిడ్డతో పాటు అత్తింటికి సారెలా పంపించే ఆడబాపల వ్యవస్థ ఏమిటో తెలిసిన రచయిత కనుక గడీలో ప్రేమించే హక్కు ఎవరికుందో, ఎవరికి లేదో ఆయన చూడగలిగాడు.

బయటి ఉదాహరణలు రెండు చెబుతాను. హెమింగ్వే 1929లో రాసిన ‘ఎ ఫేర్‌వెల్ టు ఆర్మ్స్’లో కపొరెట్టో నుంచి ఇటలీ సైన్యం వెనుదిరిగిన ఘట్టం కళ్ళకు కట్టినట్టుంటుంది. అది 1917 అక్టోబరు నాటిది. ఆయన ఇటలీ చేరింది 1918లో. అంటే చూడనిదాన్ని చదివి, విని, తెలుసుకుని రాశాడు. మార్గరెట్ మిచెల్ కూడా 1936 నాటి ‘గాన్ విత్ ద విండ్’ కోసం అట్లాంటా ముట్టడి వివరాలను ఒకటికి పదిసార్లు సరిచూసుకున్నది. తేదీలు సరిపోయాయి. బానిస స్త్రీలు మాత్రం యజమానుల మీద ప్రేమతో కరిగిపోతూ కనిపిస్తారు. ఎవరిని అడిగి రాశామన్నదాన్ని బట్టే చరిత్ర ఎవరి పక్షమో తేలుతుంది.

1948 మీద రాసేవాళ్ళు దీన్ని మరీ గుర్తుపెట్టుకోవాలి. రజాకారు చెరబట్టిన హిందూ యువతి, ఆమెను ‘స్వీకరించిన’ ఉదార నాయకుడు. ఈ మూసను ఇక చాలించాలి. రజాకార్ల అత్యాచారాలు నిజం. సెప్టెంబరు పోలీసు చర్య తర్వాత ముస్లింల మీద జరిగినవీ నిజం. సుందర్‌లాల్ కమిటీ బాగా తగ్గించి వేసిన అంచనా ప్రకారమే 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయారు. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో ఎక్కువ. స్త్రీల అపహరణలు, మానభంగాలు కూడా ఆ నివేదికలో ఉన్నాయి. దశాబ్దాల పాటు దాన్ని జనానికి అందకుండా ఉంచారు. అత్యాచారాన్ని నాయకుడి గొప్పతనం చూపించే అవకాశంగా వాడుకున్న కథ, ఏ మతం పేరుతో రాసినా ఆ స్త్రీకి రెండోసారి చేసిన అన్యాయమే.

మన కార్యకర్తలు మొదలుపెట్టగలిగిన పని ఒకటుంది. గోదావరిఖని, మంచిర్యాల, బెల్లంపల్లి బస్తీల్లో తొంభై దాటినవాళ్ళు ఇంకా కొందరున్నారు. వాళ్ళకు పిల్లలుగా ఆ రోజులు గుర్తు, అమ్మలు చెప్పినవి గుర్తు. పోయి కూర్చుని ‘మీది ప్రేమ పెళ్ళా అమ్మమ్మా?’ అంటే నవ్వి ఊరుకుంటారు. మీ అమ్మకు రోజు కూలెంత, దాన్ని ఎవరి చేతిలో పెట్టేది, బాయిలో ప్రమాదమైతే కబురు ఎవరికి వచ్చేది, నాయన వద్దన్నా ఆమె చేసిన పని ఏమిటి అని అడగండి. ప్రేమ సంగతి అక్కడే, అడక్కుండానే బయటపడుతుంది. చెప్పినదంతా రాయడానికి వాళ్ళ ఒప్పుకోలు తీసుకోండి. వద్దన్న పేరు మార్చండి, వద్దన్న ముక్క వదిలేయండి. 2019లో స్త్రీలను సాంకేతిక, పర్యవేక్షణ పనులకు భూగర్భంలోకి అనుమతించినప్పుడు ప్రభుత్వం పెట్టిన షరతుల్లో ఆ స్త్రీ రాతపూర్వక సమ్మతి ఒకటి. ఆమె కథను తీసుకునే రచయిత్రికి కూడా అదే షరతు వర్తిస్తుంది.