బండి ముందు బంతి ధర్మం

సంస్కృతంలో 'నిరీక్షణ' అనగా శ్రద్ధగా చూడటం. తెలుగులో ఆ మాటకు ఎదురుచూడటమనే అర్థం స్థిరపడింది. ఈ రెండర్థాలకూ గల చుట్టరికం తెలియగోరువారు ఉదయం ఏడున్నరకు ఏ ఊరిలోనైనా దోసెల బండి దగ్గర నిలబడితే చాలు. పిండి పెనం మీద పడి గుండ్రంగా విస్తరించటం, అంచులు ఎర్రబారటం, అట్లకాడ తాకిడికి దోసె మడతపడటం, అన్నీ కనుల యెదుటనే జరుగుతాయి. హోటలువాడు గోడచాటున చేసే పనిని బండివాడు వీధిలో చేస్తాడు. చూడటానికి ఏదో ఒకటి ఉన్నప్పుడు ఎదురుచూపు అంత బరువనిపించదు.

ఈ సంగతినే డేవిడ్ మైస్టర్ అనే మేనేజిమెంటు పండితుడు 1985లో, క్యూలలో నిలిచేవారి మనస్తత్వాన్ని గూర్చి వ్రాసిన వ్యాసంలో సూత్రీకరించాడు. ఊరక గడిపే కాలం వ్యాపకంతో గడిపే కాలం కన్న దీర్ఘంగా తోస్తుంది. ఎంతసేపో తెలియని నిరీక్షణ తెలిసిన దాని కన్న దీర్ఘం. అన్యాయమైన నిరీక్షణ న్యాయమైన దాని కన్న దీర్ఘం. మన బండ్ల దగ్గర మొదటి విషయంలో కొరత లేదు. కొరత అంతా తక్కిన రెండింటిలోనే.

తెలుగులో 'వరుస' అనే మాటకు క్రమమనీ, బంధుత్వమనీ రెండర్థాలున్నాయి. వరుస తప్పినవానిని లోకం ఏ దృష్టితో చూస్తుందో మనకు తెలుసు. అట్లే పంక్తికి తద్భవమైన 'బంతి'. విస్తళ్ల ముందు కూర్చున్నవారిలో ఒకరికి నేతిగిన్నె వంచి, మరొకరికి ముట్టించి పోతే 'బంతిలో వలపక్షం' అని నిందిస్తాం. ఇంతటి మాటలు పుట్టించుకొన్న జాతి బండి ముందు మాత్రం బంతిని మరచింది. మూడువైపులా మూగిన గుంపులో నోటు ముందుకు చాచినవానిదే, గొంతు పెద్దగా ఉన్నవానిదే ప్రథమ తాంబూలం.

నష్టపోయేది ఎవరు? బడికి వేళయిన పిల్లవాడు, తోపులాటకు జంకే స్త్రీ, నిలబడలేని వృద్ధుడు. అందరికన్న మిన్నగా అడ్డా మీదికి పోవలసిన కూలీ. అతడు పావుగంట ఆలస్యమైతే మేస్త్రీ మరొకరిని తీసికొని వెళ్లిపోతాడు. నాలుగు ఇడ్లీల కోసం ఒక దినపు కూలి పోతుంది. ఇదిగాక ఫోనులో చెప్పిన పార్సిళ్లు ఉన్నాయి. పదిమంది యెదుట నిలబడి ఉండగా, కనబడనివారి పొట్లాలు ముందుగా కట్టబడతాయి. యెదుటనున్నవానికి కారణం తెలియదు. తెలియని ఆలస్యం అవమానంగా పరిణమిస్తుంది.

దీనికి పెద్ద యంత్రాంగం అక్కరలేదు. అట్టముక్కల మీద అంకెలు వ్రాసి వచ్చినవారికి వచ్చినట్లు ఇస్తే చాలు. పెనం మీద నాలుగు దోసెలు మూడు నిమిషాలలో కాలుతాయనుకొందాం. తనకు ముందు పన్నెండు దోసెలుంటే మూడు వాయలు, అనగా తొమ్మిది నిమిషాలు. ఈ లెక్క బండివానికి నోటిమీద ఉంటుంది. దానిని పైకి చెప్పటమే కావలసింది. పార్సిళ్లకూ అదే అంకెల క్రమం వర్తించాలి. వరుస పెనం పక్కగా సాగితే నిలుచున్నవారికి వంట కనబడుతుంది, దారి మిగులుతుంది. వృద్ధులకొక బల్ల, ఒక మంచినీళ్ల బిందె ఉంటే మరీ మంచిది.

"రోజు గడవటమే కష్టమైన బండివానికి ఇన్ని నియమాలా?" అనేవారుంటారు. ఈ నియమాలు వాని రక్షణకే. 2024 జనవరిలో హైదరాబాదులో పేరుపొందిన ఒక రోడ్డుపక్క భోజనపు దుకాణం వద్ద జనమూ వాహనాలూ క్రిక్కిరిసి రాకపోకలకు అడ్డమవుతున్నవని పోలీసులు దానిని ఆపబూనారు. ముఖ్యమంత్రి జోక్యంతో అది నిలిచింది. ప్రతి బండికీ ముఖ్యమంత్రి అండ దొరకదు. గుంపు పెరిగేకొద్దీ బండి ఎత్తివేతకు కారణం చిక్కుతుంది. గుంపు వరుసగా మారితే ఆ కారణం బలహీనపడుతుంది.

అయితే భారమంతా బండివాని నెత్తిన పెట్టరాదు. 2014 నాటి వీధి విక్రేతల చట్టం ప్రకారం టౌన్ వెండింగ్ కమిటీలలో కనీసం 40 శాతం స్థానాలు వీధి వ్యాపారుల ప్రతినిధులవి. వానిలో మూడవ వంతు స్త్రీలవి. ఆ కమిటీలు బండి నిలిచే చోటుతోపాటు తినేవారు నిలిచే చోటును కూడ ఆలోచించాలి. కొంత నీడ, ఒక కుళాయి, నేలమీద ఒక సున్నపు గీత పురపాలక సంఘానికి మోయరాని భారం కావు.

ఇక మిగిలినది మన వంతు. చిల్లర చేతనుంచుకొని, ముందున్న పిల్లవానిని "బాబూ, నీ తరువాతే నేను" అనటానికి చట్టమూ కమిటీ అక్కరలేదు. అన్నం ముందు అందరూ సమానమని చెప్పుకొనే మనకు దానిని నిరూపించే అవకాశం ప్రతి ఉదయం వీధి మొగలోనే దొరుకుతున్నది.

మీ మీ ఊళ్లలో చక్కని వరుస పాటించే బండ్లుంటే, ఆ పద్ధతి ఎట్టిదో మిత్రులు తెలుపగోరుతాను.