చెరి సగం న్యాయమేనా? వాటాల పంపకానికి భిలాయి నిదర్శనాలు

మిత్రులు కలిసి సంస్థను ప్రారంభించేటపుడు వాటాల ప్రస్తావన తేవడానికి మొహమాటపడి 'చెరి సగం' అనుకోవడం పరిపాటి. అంకుర సంస్థ పెట్టదలచిన భిలాయి ఐఐటీ విద్యార్థులైనా, ఉక్కు కర్మాగారానికి విడిభాగాలు చేసే చిన్న వర్క్‌షాపుల యజమానులైనా ఇందుకు అతీతులు కారు. అయితే వాటా అంటే లాభంలో భాగం మాత్రమే కాదు, నిర్ణయాధికారంలో భాగం కూడా. ఈ తేడాను ఆ పట్టణంలోని రెండు ఉమ్మడి సంస్థలే స్పష్టం చేస్తున్నాయి.

కర్మాగారానికి విద్యుత్తు అందించే ఎన్‌టీపీసీ-సెయిల్ పవర్ కంపెనీలో ఇరు సంస్థలకూ 50 శాతం చొప్పున వాటా ఉన్నది. రెండింటిలోనూ కేంద్ర ప్రభుత్వానిదే ఆధిక్య వాటా కనుక భేదాభిప్రాయం వస్తే తీర్చగల పెద్దదిక్కు ఉన్నట్లే. ఇద్దరు మిత్రులకు అటువంటి పెద్దదిక్కు ఉండదు. ఒకరు ఔనని, మరొకరు కాదంటే ఏ తీర్మానమూ నెగ్గదు.

2007లో ఏర్పడిన భిలాయి జేపీ సిమెంట్‌ది మరో పద్ధతి. జైప్రకాశ్ అసోసియేట్స్‌కు 74 శాతం, స్లాగ్ సమకూర్చే సెయిల్‌కు 26 శాతం వాటా నిర్ణయించారు. 26 శాతం చిన్న వాటాగా కనిపించినా దాని బలం తక్కువ కాదు. కంపెనీల చట్టం ప్రకారం ప్రత్యేక తీర్మానానికి పోలైన ఓట్లలో నాలుగింట మూడు వంతులు అవసరం. నియమావళిని మార్చాలన్నా, కొత్తవారికి వాటాలు జారీ చేయాలన్నా ఈ వాటాదారు అడ్డుకోగలడు.

భాగస్వామి వైదొలగితే ఏమిటన్నది తదుపరి ప్రశ్న. ఆ 74 శాతం వాటాను దాల్మియా సిమెంట్‌కు విక్రయించేందుకు 2022 డిసెంబరులో ఒప్పందం కుదిరింది. 2024 జూన్‌లో జైప్రకాశ్ సంస్థే దివాలా ప్రక్రియలో చేరింది. పెద్ద సంస్థలకే తప్పని ఈ పరిస్థితి చిన్నవారికీ ఎదురుకావచ్చు.

రాతపూర్వక ఒప్పందం లేకపోతే నష్టపోయేది ఎక్కువ శ్రమించినవారే. 1932 నాటి భాగస్వామ్య చట్టం ప్రకారం వేరే ఒప్పందం లేనిపక్షంలో లాభనష్టాలు సమానమే. పనిచేసినందుకు వేతనం కోరే హక్కు కూడా ఉండదు. అంకుర సంస్థల్లో వాటాను ఒకేసారి కాక, సాధారణంగా నాలుగేళ్లలో, పనిచేసిన కాలాన్ని బట్టి దక్కేలా రాసుకోవడం అందుకే. తొలి ఏడాదిలోనే వెళ్లిపోయినవారికి వాటా ఉండదు.

ఎవరు డబ్బు పెడుతున్నారు, ఎవరు ఉద్యోగం వదిలి వస్తున్నారు, వివాదాన్ని ఎవరు తీర్చాలి, వెళ్లేవారి వాటాను ఏ ధరకు కొనాలి అన్నవి లాభం కళ్లజూడకముందే తేల్చుకోవలసినవి. లాభం వచ్చాక కూర్చుంటే అది పంపకం కాదు, తగవు అవుతుంది.