చీపురు మాకు, మిషను మీకా?

షాద్‌నగర్ పెరుగుతోంది. హైదరాబాదుకు యాభై కిలోమీటర్ల దూరం, ఒక పక్క బెంగళూరు హైవే, ఇంకో పక్క కాచిగూడ–మహబూబ్‌నగర్ రైలు. 2008లో శంషాబాదులో విమానాశ్రయం తెరిచినంక భూముల ధరలకు రెక్కలొచ్చినయి. 2016లో పాలమూరు జిల్లా నుంచి తీసి రంగారెడ్డిలో కలిపారు. కొత్తూరు, నందిగామ దిక్కు పోతే కంపెనీల గోడలే కనబడుతయి. పొద్దున్నే ఊరి జనం పని కోసం పట్నం పోతుంటే, పట్నం నుంచి పెద్ద జీతగాళ్లు కంపెనీ బస్సుల్లో ఇటు వస్తుంటారు. ఇదంతా అభివృద్ధి అంటున్నారు. కాదని మేం అనడం లేదు. ఈ అభివృద్ధిలో మాల మాదిగ వాడలకు దక్కిన పని ఏంది అని అడుగుతున్నాం.

దక్కిన పని మన కండ్ల ముందరే ఉంది. ఊడ్చుడు, లోడింగు, క్యాంటీన్ల గిన్నెలు కడుగుడు, రాత్రి గేటు కాడ కావలి. అదీ కాంట్రాక్టరు కింద. ఊడ్చే పనికి హౌస్ కీపింగ్ అని పేరు మార్చారు గానీ చీపురు మారలేదు, పట్టుకునే చెయ్యీ మారలేదు. ఫిట్టరు, ఎలక్ట్రీషియను, మిషను ఆపరేటరు పని అడిగితే ఒకటే జవాబు: 'మీ పోరగాళ్లకు స్కిల్ లేదు.'

ఈ మాట కొత్తది కాదు. వందేండ్ల కింద బొంబాయి బట్టల మిల్లుల్లో అంటరానివాళ్లను నేత ఖాతాలోకి రానిచ్చేవాళ్లు కాదు. తెగిన దారాన్ని నోటి తడితో అతికించాలి గనుక మైల పడుతుందన్నారు. కూలి ఎక్కువ దొరికేది ఆ ఖాతాలోనే. 1928 మిల్లు సమ్మె కాలంలో అంబేడ్కర్ ఈ అన్యాయాన్ని నిలదీశాడు. అప్పుడు మైల అన్నారు, ఇప్పుడు స్కిల్ అంటున్నారు. తలుపు మాత్రం అదే, మూసింది మన ముఖం మీదనే.

స్కిల్ ఎవడి కడుపులోంచీ రాదు. ఎవరో ఒకరు నేర్పాలి, నేర్చుకున్నన్నాళ్లు పొట్ట గడవాలి. కూలి మానుకొని రెండేండ్లు ఐటీఐకి పంపే శక్తి ఎన్ని ఇండ్లకుంది? 2024లో రాష్ట్రంలోని 65 ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి కొత్త శిక్షణ కేంద్రాలుగా మార్చే పని మొదలుపెట్టారు. అదే ఏడు ఈ జిల్లాలోనే స్కిల్స్ యూనివర్సిటీకి పునాది రాయి వేశారు. మంచిదే. కానీ బిల్డింగులు కడితే సరిపోదు. అసలు మిషను కంపెనీ లోపల ఉంది. నేర్చుకునే జాగా కూడా అక్కడే కావాలి.

దీనికి చట్టం ఉంది. ప్రైవేటులో రిజర్వేషన్ లేదని అందరం అనుకుంటున్నాం. ఉద్యోగాల సంగతి అంతే. శిక్షణ సంగతి వేరు. 1961 అప్రెంటిస్ చట్టానికి 1973లో 3-ఏ సెక్షన్ చేర్చారు. నిర్ణయించిన ట్రేడులలో శిక్షణ సీట్లలో ఎస్సీ, ఎస్టీలకు యజమాని వాటా కేటాయించాలి. ప్రైవేటు కంపెనీ అయినా సరే. 30 మంది, అంతకు మించి పనిచేసే చోట అప్రెంటిస్‌లను పెట్టుకోవడం తప్పనిసరి. 2019 నిబంధనల ప్రకారం నూటికి కనీసం రెండున్నర మంది. కాంట్రాక్టు వాళ్లను కూడా ఆ లెక్కలో కలపాలి. అంటే 400 మంది ఉన్న ఫ్యాక్టరీలో కనీసం పది మంది. వాళ్లకు నెలనెలా స్టయిపెండ్ ఇవ్వాలి.

మరి గేటు కాడ ఈ సంగతి ఎవరన్నా చెప్పారా? చెప్పరు. చట్టం తప్పిన యజమానికి ఉన్న జైలు శిక్షను కూడా 2014లో తీసేశారు. శిక్షణ అయినంక ఉద్యోగం ఇచ్చి తీరాలని కూడా చట్టం అనడం లేదు. అందుకే కాయితం మీద చట్టం చాలదు, వెంటపడే సంఘం కావాలి.

ఇంకో మాట. బీహారు, ఒడిశా వాళ్లు వచ్చి మన పనులు గుంజుకున్నారని కొందరు ఎగదోస్తున్నారు. 2024 జూన్‌లో షాద్‌నగర్ దగ్గర అద్దాల ఫ్యాక్టరీలో పేలుడు జరిగితే చచ్చింది వలస కూలీలే. పాలమూరు జనం వలస పోని దేశం ఉందా? బొంబాయిలో మనం ఎట్లనో, ఇక్కడ వాళ్లు అట్ల. వాళ్లు మన శత్రువులు కాదు. వాళ్లను చూపించి మన కూలి తగ్గించి, మనల్ని చూపించి వాళ్ల నోరు మూయించేవాడే శత్రువు.

అన్నలారా, అక్కలారా! వాడవాడలో కూర్చొని పది పాసైన, ఫెయిలైన మన పిల్లల పేర్లు రాయండి, ఆడపిల్లలను మరవొద్దు. ఫలానా కంపెనీలో అప్రెంటిస్‌లు ఎందరు, అందులో ఎస్సీ, ఎస్టీలు ఎందరు అని రాష్ట్ర ఉపాధి, శిక్షణ శాఖకు సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. పది రూపాయల ఫీజు, పేదరికపు రేఖకు దిగువ వాళ్లకు అదీ లేదు. జవాబు పట్టుకొని పది మంది కలిసి గేటు కాడికి పోదాం. ఇప్పటికే లోపల ఊడుస్తున్నవాళ్లకు మొదటి సీటు అడుగుదాం. అప్రెంటిస్ పేరు పెట్టి మళ్లీ చీపురే ఇస్తే ఒప్పుకోవద్దు. ట్రేడు పేరు రాసిన ఒప్పందం కాయితం చేతికి వచ్చినంకనే లోపల అడుగు పెట్టాలి.

భూములు పోయినయి, ఊరు మారింది. ఊరితో పాటు మన పని కూడా మారాలి. మేం అడిగేది దానం కాదు, చట్టం రాసిచ్చిన సీటు.

జై భీమ్!