గుర్రానికి పొగరెక్కడిది?

మాట వినని జంతువుకి మనవాళ్ళు పెట్టే పేరు ఒకటే, పొగరు. ఎద్దు కాడి కిందకి రాకపోతే పొగరు, గుర్రం తాడు లాక్కుంటే పొగరు. ఆ మాటకొస్తే, చెప్పినట్టు చెయ్యని జూనియర్ కుర్రాడిక్కూడా పొగరే :). ఈ మాటతో నాకు పెద్ద పేచీ ఉంది. పొగరు అనేసిన మరుక్షణం మనం కారణం వెతకడం మానేస్తాం. ఇక చేతిలో మిగిలేది కర్ర ఒక్కటే.

ఇప్పుడీ గోలంతా ఎందుకంటే, మాది బయ్యారం. మహబూబాబాద్ జిల్లా, 2016కి ముందు ఖమ్మం జిల్లా. కాకతి గణపతిదేవుడి చెల్లెలు మైలమ పేరున్న శాసనం, పెద్ద చెరువు, ఇనుప ఖనిజం, దాని చుట్టూ తిరిగిన ఉక్కు ఫ్యాక్టరీ కబుర్లు... ఇవన్నీ పేపర్లలో చదివే ఉంటారు. అక్కడ నాకు బాబాయి వరసయ్యే ఒకాయన పెళ్ళి బరాత్‌లకి అద్దెకివ్వడానికి నాలుగేళ్ళ ఆడగుర్రాన్ని కొన్నాడు. మానుకోట, గార్ల, డోర్నకల్, ఇల్లందు, సీజన్లో గిరాకీ బాగానే ఉంటుంది. చిక్కేమిటంటే, అది తాడు పట్టి నడిపిస్తే మనిషి మీదకి తోసుకొస్తుంది, నిలబెడితే నిలవదు, గట్టిగా లాగితే ముందుకాళ్ళు పైకి లేపుతుంది.

"ఉత్త పొగరురా దానికి. ముళ్ళ కళ్ళెం ఏసి నాలుగు తగిలిస్తే అదే దారికొస్తది" అంటాడు బాబాయి. ఆయన్ని తప్పుపట్టడం తేలిక. అప్పుచేసి కొన్నాడు, ముహూర్తాలు దగ్గరపడుతున్నాయి. లొంగకపోతే వచ్చినకాడికి అమ్మేస్తానంటున్నాడు. అలా చేతులు మారే గుర్రానికి ప్రతి కొత్త యజమాని దగ్గరా ఇంకాస్త లావు కర్రే ఎదురవుతుంది. అందుకే ఈ విషయం గురించి కొంత చదివాను, గుర్రాలతో బతికేవాళ్ళని కొంత అడిగాను. నాకర్థమైంది ఇది.

ప్రోగ్రాం క్రాష్ అయితే మనం కంప్యూటర్‌కి పొగరు అనం కదా, లాగ్ తెరిచి చూస్తాం. గుర్రం విషయంలోనూ వరసగా చూసుకోవాల్సినవి మూడున్నాయి.

మొదటిది నొప్పి. పళ్ళు, వీపు, డెక్కలు, కడుపు, జీను రాపిడి, ఏదైనా కావచ్చు. స్యూ డైసన్ అనే బ్రిటిష్ పశువైద్యురాలు, ఆవిడ సహచరులు కలిసి 2018లో స్వారీ సమయంలో గుర్రాల్లో కనిపించే 24 ప్రవర్తనల జాబితా ఒకటి ప్రచురించారు. చెవులు వెనక్కి వాల్చడం, నోరు తెరవడం, తోక విసరడం, తల ఎగరెయ్యడం లాంటివి. వాటిలో 8 గానీ అంతకన్నా ఎక్కువ గానీ కనిపిస్తే నొప్పి ఉండొచ్చని వాళ్ళు తేల్చారు. ఆ జాబితా స్వారీకి సంబంధించిందే అనుకోండి. కానీ చదివితే మాత్రం, అందులో చాలావరకు మనవాళ్ళు పొగరు ఖాతాలో రాసేసేవే. కాబట్టి కొరడా కంటే ముందు కబురు వెళ్ళాల్సింది పశువుల డాక్టరుకి.

రెండోది భయం. గుర్రం వేటాడే జంతువు కాదు, వేటకి బలయ్యే జంతువు. కళ్ళు తలకి అటూ ఇటూ ఉంటాయి కాబట్టి దాదాపు చుట్టూరా చూడగలదు, నుదుటికి సరిగ్గా ఎదురుగానూ తోక వెనకానూ తప్ప. అందుకే వెనకనుంచి చప్పుడు చెయ్యకుండా వెళితే తంతుంది. అనుమానం వస్తే ముందు పరిగెత్తడం, తర్వాత ఆలోచించడం దాని పద్ధతి. పైగా మన ఒంటిని అది చదివేస్తుంది. బెర్లిన్‌లో హాన్స్ అనే గుర్రం కూడికలు, తీసివేతలు చేస్తోందని ఒకప్పుడు జనం విరగబడి చూశారు. ఆస్కార్ ఫుంగ్‌స్ట్ 1907లో అసలు గుట్టు విప్పాడు. జవాబు దగ్గరపడగానే ప్రశ్న అడిగినవాడి తల తెలీకుండానే కాస్త కదిలేది, అది చూసి గుర్రం డెక్కతో తట్టడం ఆపేసేది. అంత చిన్న కదలిక పట్టేసే జంతువుకి, బిగుసుకుపోయిన మన చెయ్యి, కోపంతో ఊగే భుజాలు కనబడవా? క్రీస్తుపూర్వం నాలుగో శతాబ్దంలోనే గ్రీకు రచయిత క్సెనొఫోన్, కోపంగా ఉన్నప్పుడు గుర్రం జోలికి పోవద్దని రాసిపెట్టాడు.

మూడోది, నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైంది. ఆ చెడ్డ అలవాటుని మనమే నేర్పి ఉండొచ్చు.

ఎలాగంటారా? గుర్రం తాడు లాగినప్పుడు నేర్చుకోదు, తాడు వదులైనప్పుడు నేర్చుకుంటుంది. నేలమీద ఇచ్చే శిక్షణ అంతా, అంటే ఎక్కి కూర్చునే ముందు పక్కనుండి నడిపించడం, ఆపడం, వెనక్కి జరపడం, కదలకుండా నిలబెట్టడం, ఈ ఒక్క సూత్రం మీదే ఆధారపడుతుంది. మెల్లగా ఒత్తిడి పెట్టాలి, అది ఒక్క అడుగు సరైనవైపు వేసిందా, తక్షణం వదిలెయ్యాలి. ఆ వదలడమే దానికి 'శభాష్'.

ఇప్పుడు బాబాయి గుర్రం సంగతి చూడండి. తాడు లాగారు, అది ముందుకాళ్ళు లేపింది. పట్టుకున్న కుర్రాడు భయపడి తాడు వదిలి నాలుగడుగులు వెనక్కి దూకాడు. (వాడు చేసింది సబబే, ప్రాణం ముఖ్యం.) గుర్రానికి మాత్రం కాళ్ళు లేపితే లాగుడు పోతుందని తెలిసిపోయింది. కాసేపాగి కుర్రాడు తేరుకుని కర్ర పట్టుకొచ్చి రెండు వాయించాడు. అప్పటికి అది మామూలుగా నిలబడి ఉంది. మరి ఆ దెబ్బలు దేనికి? కాళ్ళు లేపినందుకని మనకి తెలుసు, దానికి తెలీదు. దానికి తెలిసిందల్లా ఈ మనిషి దగ్గరకొస్తే నొప్పి అని. జూన్‌లో చేసిన తప్పుకి మార్చి అప్రైజల్‌లో రేటింగ్ తగ్గిస్తే మనకి ఎలా ఉంటుందో తెలుసుగా? మనకైతే కనీసం మేనేజర్ నోటితో కారణమైనా చెప్తాడు.

మరేం చెయ్యాలి? అది బెదిరేంత గట్టిగా అసలు లాగకూడదు. తాడు పొడుగ్గా ఉంచి, ఎదురుగా కాకుండా భుజానికి పక్కగా నిలబడి, ఒక్క అడుగే అడగాలి. ఇస్తే వదలాలి, ఇవ్వకపోతే అదే చిన్న ఒత్తిడి ఓపిగ్గా అలాగే ఉంచాలి. మీదకి తోసుకొస్తుంటే మన స్థలంలోకి రానివ్వకుండా వెనక్కి జరపాలి, ప్రతిసారీ. ఈరోజు ముద్దుగా ఉందని ఊరుకుని రేపు కొడితే దానికి నియమం ఎలా తెలుస్తుంది? రోజుకి పావుగంట చాలు, బాగా చేసిన చోట ఆపెయ్యాలి. అప్పటికే కాళ్ళు లేపడం అలవాటైన గుర్రాన్ని మాత్రం అనుభవమున్నవాడి చేతికే ఇవ్వాలి. 300-400 కిలోల జంతువు మీద ప్రయోగాలు చెయ్యకూడదు.

"దెబ్బకి దయ్యం దిగుతుంది, గుర్రం ఎంత?" అనేవాళ్ళుంటారు. నిజమే, కొడితే ఒక్కోసారి ఆగుతుంది. ఎర్రర్ మెసేజ్ కనబడకుండా చేస్తే ప్రోగ్రాం కూడా బ్రహ్మాండంగా నడుస్తున్నట్టే ఉంటుంది, ప్రొడక్షన్‌లో పేలేదాకా. కొట్టి కొట్టి ఆపిన గుర్రంలో భయం ఎక్కడికీ పోదు, చెవి వాల్చడం, తల తిప్పడం లాంటి ముందస్తు హెచ్చరికలే పోతాయి. అలాంటిది ఏ హెచ్చరికా లేకుండా ఒకరోజు తంతే, ఆ వెనకాల డాన్సు చేస్తున్న పిల్లల సంగతేంటి?

ఇదేమీ మనకి తెలియని విద్య కాదు. మావైపు కొత్త కోడెను తీసుకెళ్ళి నేరుగా నాగలికి కట్టేవాళ్ళు కాదు. పనితెలిసిన పాత ఎద్దు పక్కన కట్టి ముందు ఖాళీ కాడి మోయించేవాళ్ళు, తర్వాత ఒక మొద్దు లాగించేవాళ్ళు, దుక్కి ఆ తర్వాతే. ముల్లుగర్ర ఉండేది, లేదనను. కానీ తొందర ఉండేది కాదు. ట్రాక్టర్లొచ్చాక ఎద్దులతో పాటు ఆ ఓపిక కూడా ఊళ్ళోంచి వెళ్ళిపోయినట్టుంది.

చట్టం సంగతి కూడా చెప్పాలి. ముళ్ళున్న కళ్ళేన్ని 1965 నాటి కేంద్ర నిబంధనలే నిషేధించాయి. జంతువుని కొట్టి హింసిస్తే 1960 చట్టం ప్రకారం తొలిసారి జరిమానా ఎంతో తెలుసా? 10 నుంచి 50 రూపాయలు! బరాత్‌లో కాల్చే ఒక్క టపాసుల డబ్బా ఖరీదు కూడా కాదు. కాబట్టి చట్టం వచ్చి కాపాడుతుందని నేను అనుకోవడం లేదు.

కాపాడగలిగింది ఎవరంటే, డబ్బులిచ్చేవాళ్ళు. అంటే మనమే. ఈ గుర్రాలెక్కి ఊరేగే పెళ్ళికొడుకుల్లో మన సాఫ్ట్‌వేర్ వాళ్ళు తక్కువేం కాదు. కెమెరావాడితో వంద ప్రశ్నలు వేసేవాళ్ళం గుర్రం తెచ్చినవాణ్ణి ఒక్కటీ అడగం. నోట్లో ఉన్న కళ్ళెం ఎలాంటిదో చూపించమనండి. నోటి చివర పుండుంటే, కాలు కుంటుతుంటే వద్దనండి. డీజే బాక్సుల్ని దూరంగా పెట్టించండి, దాని కాళ్ళ దగ్గర టపాసులు కాల్చనివ్వకండి, పిల్లల్ని వెనక్కి పోనివ్వకండి. నెల రోజులు ఓపిగ్గా శిక్షణ ఇచ్చినవాడు వెయ్యి ఎక్కువ అడిగితే బేరం ఆడకండి. ఆ వెయ్యి వస్తుందని నమ్మకముంటే మా బాబాయి కూడా ముళ్ళ కళ్ళెం కొనడు, ఈ ఒక్క సీజన్ ఆగుతాడు. ఆగమనే నేను పోరుతున్నాను, ఆయనింకా ఏ సంగతీ తేల్చలేదు.

ఇదంతా మనవల్ల కాదంటారా, హాయిగా కారులో ఊరేగండి. గుర్రం ఏమీ అనుకోదు :)