నిలబెట్టిన బండికే నీరసం!

రాయదుర్గంలో ఇనుము తుప్పు పడుతుందంటే ఎవరైనా నవ్వుతారు. వాన కోసం మొగులు చూసి మెడలు నొప్పెట్టే ఊరది. ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడాది మొత్తమ్మీద కురిసేది సుమారు 550 మిల్లీమీటర్లే. విశాఖలో అయితే వెయ్యి దాటుతుంది, పైగా సముద్రపు ఉప్పుగాలి ఒకటి. తుప్పుకు భయపడాల్సింది వాళ్లు, మనకేంటి అంటారా? అక్కడే ఉంది తిరకాసు. కారు శరీరం సంగతి వేరు, బ్రేకుల సంగతి వేరు. రేకుల మీద రంగు ఉంటుంది. బ్రేకు డిస్కుకు ఆ కవచం లేదు.

చక్రం సందుల్లోంచి తొంగిచూస్తే మెరుస్తూ పళ్లెంలాంటిది కనిపిస్తుంది కదా... అదే డిస్కు. దాన్ని పోత ఇనుముతో చేస్తారు. దాని అంచును రెండు వైపులా నోట కరచుకున్నట్టుండే భాగం క్యాలిపర్. మనం పెడల్ తొక్కగానే క్యాలిపర్‌లోని ప్యాడ్లు డిస్కును గట్టిగా పట్టుకుంటాయి. ఆ రాపిడికే బండి ఆగుతుంది. మరి తుప్పు పట్టని స్టీలుతో చేయొచ్చుగా అని అడగొచ్చు. పోత ఇనుము వేడిని చకచకా లాగేసి గాలికి వదిలేస్తుంది, ధర కూడా తక్కువ. స్టెయిన్‌లెస్ స్టీలు ఆ పని అంత బాగా చేయలేదు. అందుకే మామూలు కార్లన్నిటికీ పోత ఇనుమే గతి.

ఢిల్లీలోని ఇనుప స్తంభం దాదాపు 1600 ఏళ్లుగా ఎండకూ వానకూ నిలబడే ఉంది. ఆ ఇనుములో భాస్వరం ఎక్కువ. అది పైన ఓ పలుచటి పొరను కట్టి లోపలి లోహాన్ని కాపాడుతోంది. డిస్కుకు ఆ భాగ్యం లేదు. ఏ పొర కట్టినా ప్యాడ్లు గీకేస్తాయి. రంగు వేసినా అంతే. పోనీ నూనె రాద్దామంటే బండే ఆగదు!

కరువు సీమలో తడి ఎక్కడిది?

తుప్పు పట్టాలంటే ఇనుము, గాలి, నీళ్లు... ఈ మూడూ చాలు. ఉప్పు తోడైతే పని మరింత వేగంగా సాగుతుంది. రాయదుర్గంలో ఆ నీళ్లు వాన రూపంలో రాకపోయినా వేరే దారుల్లో వస్తాయి. మొదటిది, మనమే పోసేవి. ఆదివారం పొద్దున బోరు వేసి కారు కడిగి, తడి ఆరకముందే కవరు కప్పేస్తాం. ఈ ప్రాంతపు బోరు నీళ్లలో లవణాలు ఎక్కువ. నీరు ఆవిరైనా ఉప్పు అక్కడే ఉండిపోతుంది. రెండోది చలికాలపు మంచు. రాత్రి చల్లబడిన ఇనుము మీద తెల్లారేసరికి చెమ్మ చేరుతుంది. మూడోది దుమ్ము. కణేకల్లు, బొమ్మనహాళ్ వైపు హగరి ఒడ్డున ఇసుక దిబ్బలే ఉన్నాయి. గాలికి లేచిన ఆ సన్నటి ఇసుక క్యాలిపర్ సందుల్లో చేరి తడిని పట్టి ఉంచుతుంది, రబ్బరును అరగదీస్తుంది.

కడిగిన మర్నాడు డిస్కు మీద నారింజ రంగు పొర కనిపిస్తే కంగారు పడకండి. నాలుగుసార్లు బ్రేకు తొక్కితే అదే పోతుంది. కాసేపు గరగరమంటుంది, అంతే. అసలు ప్రమాదం కారును వారాల తరబడి కదపనప్పుడే. ప్యాడ్‌కూ డిస్కుకూ మధ్య చిక్కుకున్న తడి అక్కడే గుంటలు తినేస్తుంది. 2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలయ్యాక ఇంటి ముందు నిలిచిపోయిన ఎన్నో కార్లు, మళ్లీ బయటికి తీసే రోజున చక్రాలు పట్టేసి మొరాయించాయి. కుర్రాళ్లు బెంగళూరులో ఉద్యోగాలు చేసుకుంటుంటే పండక్కీ పబ్బానికీ మాత్రమే కవరు తీసే కార్లు మన వీధుల్లోనూ ఉన్నాయి. ‘బండి తిరిగింది తక్కువేనండీ’ అని మురిసిపోతాం. కానీ బ్రేకుల విషయంలో అది మంచి లక్షణం కాదు.

క్యాలిపర్‌తోనే పేచీ

డిస్కు మీది తుప్పు కళ్లకు కనబడుతుంది. క్యాలిపర్ లోపలిది కనబడదు. చాలా కార్లలో క్యాలిపర్ రెండు పిన్నుల మీద అటూఇటూ జరుగుతుంది. వాటిని కాపాడే రబ్బరు తొడుగు చిరిగితే తడి, ఇసుక లోపలికి దూరతాయి. గ్రీజు ఎండిపోయి పిన్ను బిగుసుకుంటుంది. అప్పుడు ఒక చక్రం బాగా పడుతుంది, ఇంకోటి పట్టదు. హైవే మీద 80 కిలోమీటర్ల వేగంలో గట్టిగా బ్రేకు వేస్తే బండి ఒక పక్కకు లాగేస్తుంది. వెనక సీట్లో పిల్లలున్నప్పుడు తెలుసుకోవాల్సిన విషయం కాదిది.

అందుకే ముందే కనిపెట్టాలి. ప్రయాణం ముగిశాక ఒక చక్రం దగ్గర మాత్రమే వేడి సెగ, మాడిన వాసన వస్తున్నాయా? (డిస్కును మాత్రం ముట్టుకోకండి, చేయి కాలుతుంది.) మైలేజీ ఉన్నట్టుండి తగ్గిందా? బ్రేకు వేస్తే పెడల్ అదురుతోందా? వీటిలో ఏది కనిపించినా మెకానిక్ దగ్గరికి వెళ్లాల్సిందే.

ఇంట్లో మనం చేయగలిగినవి

* కడిగిన వెంటనే కవరు కప్పొద్దు. ఒకటి రెండు కిలోమీటర్లు తిప్పి, వెనక ఎవరూ లేనప్పుడు నాలుగైదుసార్లు మెల్లగా బ్రేకు వేయండి. ఆ వేడికే తడి ఆరిపోతుంది.
* దూర ప్రయాణం నుంచి రాగానే వేడి డిస్కుల మీద చన్నీళ్లు కొట్టొద్దు. వంకర పోవచ్చు.
* వారానికోసారైనా పది పదిహేను కిలోమీటర్లు నడపండి. ఇంజన్ స్టార్ట్ చేసి అక్కడే ఆపేస్తే బ్రేకులకు లాభం సున్నా.
* చాన్నాళ్లు నిలపాల్సి వస్తే చదునైన చోట పెట్టి, గేరులో ఉంచి, చక్రాలకు ముందూ వెనకా రాళ్లు వేసి, హ్యాండ్‌బ్రేకు వదిలేయండి. లేదంటే వెనక బ్రేకులు అతుక్కుపోతాయి.
* డిస్కుకూ ప్యాడ్లకూ ఆయిలు, గ్రీజు, తుప్పు వదిలించే స్ప్రే ఏదీ తగలనివ్వొద్దు. పొరపాటున పడితే బ్రేకు క్లీనర్‌తో శుభ్రం చేయించాకే బండి తీయాలి.

మెకానిక్‌తో చేయించాల్సినవి

సర్వీసింగుకు ఇచ్చినప్పుడు ‘పిన్నులు విప్పి శుభ్రం చేసి, బ్రేకులకు వాడే సిలికాన్ గ్రీజు పెట్టండి’ అని నోరు తెరిచి అడగండి. మామూలు గ్రీజు పెడితే రబ్బరు ఉబ్బిపోతుంది. క్యాలిపర్ బయటి ఒంటికి, డిస్కు మధ్య భాగానికి వేడి తట్టుకునే రంగు వేయించుకోవచ్చు. ప్యాడ్లు రాసుకునే చోట మాత్రం వేయకూడదు. గుంటలు పడిన డిస్కును లేతు మీద పలుచగా చెక్కిస్తారు. డిస్కు మీద ముద్రించిన కనీస మందం కంటే తగ్గితే మార్చాల్సిందే. అదీ ఎడమా కుడీ రెండూ ఒకేసారి.

బ్రేకు ఆయిల్‌నూ మరవొద్దు. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కొత్త డాట్ 4 ఆయిల్ కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. నీరు చేరేకొద్దీ ఆ హద్దు 155 దగ్గరకు దిగొచ్చు. అంతేకాదు, ఆ నీరు క్యాలిపర్‌ను లోపలి నుంచి తినేస్తుంది. రెండేళ్లకోసారి మార్పించుకోవడం మంచిది. ఇక వరద నీళ్లలో నిలిచిన కారైతే బ్రేకులు విప్పి చూడందే రోడ్డెక్కించొద్దు. 2022 అక్టోబరులో అనంతపురం నగరంలోనే కాలనీలు నీట మునిగాయి. కరువు జిల్లా అన్న ధీమా అన్నివేళలా పనికిరాదు.

పాత కారు కొనేవాళ్లకు చివరి మాట. బండి ఇన్నాళ్లూ చెన్నైలోనో విశాఖలోనో ఉన్నదైతే రంగు చూసి మురిసిపోకుండా, చక్రం విప్పించి డిస్కు చూడండి. ఎన్ని కిలోమీటర్లు తిరిగిందని అడిగాక, ఎన్నాళ్లు నిలబడిందని కూడా అడగండి. ఇనుమైనా మనిషైనా ఒక్కటే... రోజూ కాస్త నడిస్తేనే కీళ్లు పట్టేయకుండా ఉంటాయి!