జింక వేట – అనుమతి పత్రం

జింక అనగానే మనకు స్ఫురించేది రక్షింపదగిన సాధుజీవి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం, దానికి 1991లో చేసిన సవరణ మన దేశంలో దాని వేటను నిషేధించాయి. కృష్ణజింక ఆంధ్రప్రదేశ్‌కు, చుక్కల దుప్పి తెలంగాణకు రాష్ట్ర జంతువులు. న్యూజిలాండ్‌లో మాత్రం జింకను వేటాడడానికి విదేశీయులకు సైతం అనుమతి లభిస్తుంది. ఇది చూచి ఆ దేశస్థులు నిర్దయులని కొందరు, మన చట్టమే మితిమీరిన కఠినమని మరికొందరు వాదించవచ్చు. ఈ రెండు వాదాలూ సరికావని మా అభిప్రాయం.

మానవుడు అడుగు పెట్టకముందు న్యూజిలాండ్ నేలమీద గబ్బిలాలు తప్ప వేరే క్షీరదాలు లేవు. పందొమ్మిదవ శతాబ్దంలో బ్రిటిష్ వలసదారులు వేట వినోదం కోసం తమ దేశం నుండి ఎర్ర జింకలను తెచ్చి వదిలారు. 1875లో సింహళం నుండి కణుజులు కూడా అక్కడికి చేరాయి. తొలుత చట్టం వాటిని కాపాడింది. పులి, తోడేలు వంటి శత్రువులు లేనందున అవి అపారంగా వృద్ధి చెంది, లేత మొక్కలను మేసి అడవులను క్షీణింపజేశాయి. చివరకు 1930లో ప్రభుత్వం ఆ రక్షణను తొలగించి, జీతమిచ్చి మరీ వేటగాండ్రను నియమించవలసి వచ్చింది. మన అడవిలో జింక పులికి ఆహారం. అక్కడ దానికి మానవుడు తప్ప అడ్డు లేదు. చట్టాల భేదానికి మూలం ఇదే.

అనుమతి ఉన్నదంటే నియమం లేదని కాదు. దేశ భూభాగంలో దాదాపు మూడవ వంతు ప్రకృతి సంరక్షణ శాఖ అధీనంలో ఉంది. ఆ భూములలో వేటకు ఆ శాఖ ఇచ్చే అనుమతి పత్రం ఉచితం. లైసెన్సుదారుని ప్రత్యక్ష పర్యవేక్షణ లేకుండా తుపాకి పట్టదలచిన విదేశీయుడు సందర్శకుల లైసెన్సు పొందాలి. దాని గడువు గరిష్ఠంగా ఒక సంవత్సరం. సొంత తుపాకి తెచ్చుకొంటే దిగుమతి అనుమతి వేరు. 2019 మార్చి 15న క్రైస్ట్‌చర్చ్ మసీదులలో 51 మందిని బలిగొన్న కాల్పుల అనంతరం ఆ దేశం సెమీ ఆటోమేటిక్ తుపాకులలో అధిక భాగాన్ని నిషేధించింది. వేట పేరు చెప్పి వాటిని తేవడానికి వీలులేదు. వినోదానికి వేటాడినవాడు ఆ మాంసాన్ని అమ్ముకోరాదు. ఎదుట ఉన్నది జింకయేనని నిస్సందేహంగా తేలనిదే కాల్పరాదనేది అక్కడి తుపాకి భద్రతా సూత్రాలలో ఒకటి.

ఈ పద్ధతిలో మేము మెచ్చదగినది సమానత్వం. హైదరాబాదు శివారులోని నేటి మహావీర హరిణ వనస్థలి ఒకనాడు నిజాముల వేటస్థలం. అక్కడ తుపాకి పట్టడం హోదాకు గుర్తు. న్యూజిలాండ్ ప్రభుత్వ భూములలో కూలివానికీ కోటీశ్వరునికీ పత్రం ఒక్కటే. అయితే అదే దేశంలోని కొన్ని ప్రైవేటు క్షేత్రాలలో కంచె లోపల జింకలను పెంచి, కొమ్ముల పరిమాణాన్ని బట్టి ధర నిర్ణయించి, విదేశీ ధనికులచే వేటాడించే వ్యాపారం సాగుతున్నది. దీనిని మేము సమర్థింపజాలము. అడవిని కాపాడడానికి చేసే వేటకు ఒక న్యాయం ఉన్నది. గోడకు తగిలించే కొమ్ముల కోసం పెంచి చంపడానికి ఆ న్యాయం వర్తించదు.

మన విద్యార్థులలో కొందరు ఉన్నత విద్యకై ఆ దేశానికి వెళ్ళవచ్చు. మిత్రులు వేటకు పిలిస్తే ముందుగా అక్కడి నియమాలను చదవడం వారి ధర్మం. అక్కడ నేర్చిన వేటను ఇక్కడకు తేకుండుట అంతకంటె ముఖ్యమైన ధర్మం. మన అడవుల అంచున నేటికీ ఉచ్చులకు, కరెంటు తీగలకు మూగజీవాలు బలి అవుతున్నాయి. ఆ తీగలు తగిలి మనుషులు కూడా మరణిస్తున్నారు. పరదేశపు అనుమతి పత్రాన్ని చూపి ఈ దురాచారాన్ని సమర్థించేవారు ఆ పత్రం వెనుకనున్న కారణాన్ని చదువలేదని మేము భావిస్తున్నాము. చట్టంలోని అక్షరంతో పాటు దాని ఆశయాన్ని కూడా గ్రహించడమే విద్యావంతుని లక్షణం.