అంకెలను ప్రశ్నించడం నేర్పని గణాంక పాఠం

2011-12లో భారతదేశంలో పేదలు ఎందరు? టెండూల్కర్ పద్ధతి ప్రకారం సుమారు 27 కోట్ల మంది. 2014లో నివేదిక సమర్పించిన రంగరాజన్ బృందం అంచనా ప్రకారం 36 కోట్ల పైచిలుకు. దేశం ఒకటే, సంవత్సరం ఒకటే. మారినవల్లా పేదరికపు గీతను గీసిన తీరు, కుటుంబ వ్యయాన్ని లెక్కించిన విధానం. గ్రామాలలో తలసరి నెల ఖర్చు 816 రూపాయలని మొదటి పద్ధతి గీత గీయగా, రెండవది దానిని 972 రూపాయలుగా నిర్ణయించింది. ఈ రెండు పద్ధతుల నడుమ తొమ్మిది కోట్లకు పైగా మనుషులు పేదలై కనిపిస్తారు లేదా కనిపించకుండా పోతారు.

ఇది గణిత పండితులకు మాత్రమే వదిలివేయవలసిన చిక్కు కాదు. రేపు పథకాలు రచించే అధికారులు, వాటిని విమర్శించే పాత్రికేయులు, సమాజాన్ని పరిశోధించే అధ్యాపకులు అత్యధికంగా ఆర్థిక, రాజనీతి, సామాజిక శాస్త్రాల తరగతుల నుంచే వస్తారు. లెక్కలంటే భయపడి ఆర్ట్స్ వైపు మళ్లినవారు వారిలో తక్కువేమీ కాదు. వారికి గణాంక శాస్త్రం ఎలాగోలా గట్టెక్కవలసిన ఒక పేపరుగా మిగిలిపోతున్నది.

ఈ లోటును ఆన్‌లైన్ పాఠ్యక్రమాలు తీర్చగలవన్న ఆశ కొన్నేళ్లుగా బలపడింది. కేంద్ర ప్రభుత్వం 2017 జూలైలో ‘స్వయం’ వేదికను ప్రారంభించింది. అందులోని పాఠ్యక్రమాల ద్వారా 40 శాతం వరకు క్రెడిట్లు పొందడానికి యూజీసీ 2021లో అనుమతించింది. గణాంక అధ్యాపకుడే లేని చిన్న పట్టణపు కళాశాల విద్యార్థికి పేరున్న ఆచార్యుని పాఠం ఉచితంగా అందడం మామూలు విషయం కాదు. అర్థం కాని భాగాన్ని ఆపి మళ్లీ మళ్లీ వినే సౌకర్యం లెక్కలకు జంకే విద్యార్థికి మరీ మేలు చేస్తుంది.

అయితే పాఠం అందుబాటులో ఉండటం వేరు, అది ఒంటబట్టడం వేరు. జాతీయ నమూనా సర్వే 75వ విడత ప్రకారం 2017-18లో ఇంటర్నెట్ సదుపాయం ఉన్న కుటుంబాలు పట్టణాలలో 42 శాతం కాగా, గ్రామాలలో 14.9 శాతం మాత్రమే. కంప్యూటర్ ఉన్న గ్రామీణ కుటుంబాలు 4.4 శాతమే. ఆ తరువాత సెల్‌ఫోన్లు, చౌక డేటా పరిస్థితిని చాలావరకు మార్చాయి. కానీ అరచేతిలో ఇమిడే తెరపై ఉపన్యాసం వినవచ్చునే గాని, వందల వరుసల పట్టికను ముందు పెట్టుకుని లెక్క కట్టడం సాధ్యం కాదు. గణాంక శాస్త్రం చేతితో చేస్తేనే వచ్చే విద్య.

భాష మరో అడ్డంకి. సగటు, మధ్యగతం, ప్రామాణిక విచలనం, సహసంబంధం అంటూ తెలుగు మాధ్యమంలో చదివి వచ్చిన విద్యార్థికి ఆన్‌లైన్ పాఠాలలో అత్యధికం ఆంగ్లంలోనే ఎదురవుతాయి. తెలిసిన భావమే తెలియని పేరుతో వచ్చి భయపెడుతుంది.

వీటన్నిటికన్నా ముఖ్యమైనది బోధన లక్ష్యం. పేకముక్కలు, పాచికల ఉదాహరణలతో మొదలై, సూత్రాల మీదుగా సాగి, నాలుగు జవాబులలో ఒకటి గుర్తించే పరీక్షతో ముగిసే పాఠ్యక్రమం మార్కులు ఇవ్వగలదు గాని, వివేచన ఇవ్వలేదు. పది కుటుంబాలున్న వీధికి ఒక కోటీశ్వరుడు కాపురానికి వస్తే ఆ వీధి సగటు ఆదాయం అమాంతం పెరుగుతుంది. పాత కాపురస్థుల కంచాలలో మాత్రం మెతుకు పెరగదు. సగటు చెప్పని సంగతిని మధ్యగతం చెబుతుందని గ్రహించిన విద్యార్థి తలసరి ఆదాయపు ప్రకటనలను మునుపటిలా చదవడు.

అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలునంటారు. నమూనా సర్వే సారం అదే. కానీ కుండంతా ఒకే తీరుగా ఉడికినప్పుడే ఆ మాట చెల్లుతుంది. కులం, ప్రాంతం, ఆదాయం ప్రకారం ఇన్ని పొరలున్న దేశంలో మెతుకును ఎక్కడి నుంచి తీశారన్నదే అసలు ప్రశ్న. 2021లో జరగవలసిన జనగణన జరగలేదు. 2027 మార్చి 1 ప్రాతిపదికగా దానిని నిర్వహిస్తామని 2025 జూన్‌లో ప్రకటన వెలువడింది. 2011 నాటి లెక్కపైనే ఇన్నేళ్లుగా ఆధారపడిన అంచనాలను ఎంతవరకు నమ్మవచ్చునో తూచి చూడగల నేర్పు విద్యార్థికి ఉండాలి. 2017-18 కుటుంబ వ్యయ సర్వే ఫలితాలను నాణ్యతా లోపాల కారణంగా విడుదల చేయబోమని ప్రభుత్వం 2019 నవంబరులో ప్రకటించింది. అటువంటి సందర్భంలో ఆ కారణం సమంజసమా కాదా అని పరీక్షించేందుకు కూడా ఈ విద్యే కావాలి.

ముడిసరుకుకు కొరత లేదు. నమూనా సర్వేల మూల వివరాలను కేంద్ర గణాంక మంత్రిత్వ శాఖ పరిశోధకులకు ఉచితంగానే అందిస్తున్నది. ఆన్‌లైన్ పాఠానికి తోడుగా ప్రతి కళాశాలలో వారానికి రెండు గంటలు కంప్యూటర్ల ముందు కూర్చోబెట్టి, సందేహాలు తీర్చేందుకు ఒక అధ్యాపకుని నియమించాలి. విద్యార్థి తన రాష్ట్రపు వివరాలనే తీసుకుని లెక్క కట్టాలి. పరీక్షలో జవాబును గుర్తించమనడానికి బదులు, ఒక పట్టికను ఇచ్చి అది ఏమి చెబుతున్నదో, ఏమి చెప్పడం లేదో రాయమనాలి. పారిభాషిక పదాలను మాతృభాషలోనూ ఇవ్వడం పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు.

ఈ రంగంలో భారతదేశం ఎవరికీ తీసిపోదు. భౌతికశాస్త్రం చదివిన మహలనోబిస్ 1931లో కలకత్తాలో భారత గణాంక సంస్థను నెలకొల్పారు. జాతీయ నమూనా సర్వే 1950లో ఆయన చొరవతోనే ఆరంభమైంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి ఆ సంస్థలో చేరిన సి.ఆర్. రావు ప్రపంచంలోని అగ్రశ్రేణి గణాంకవేత్తలలో ఒకరయ్యారు. అంతటి వారసత్వం గల దేశంలో పట్టభద్రులు ప్రభుత్వం చెప్పిన అంకెనో, ప్రతిపక్షం చెప్పిన అంకెనో పరీక్షించకుండా నమ్మవలసి రావడం విచారకరం. అంకె ఎక్కడి నుంచి వచ్చిందో అడగడం నేర్పినప్పుడే ఆన్‌లైన్ పాఠానికి సార్థకత. లేనట్లయితే అది పట్టాకు మరికొన్ని క్రెడిట్లు చేర్చగలదే తప్ప, ప్రజాస్వామ్యానికి ఆలోచించే పౌరుడిని చేర్చలేదు.